చట్టానికి వినపడింది ఎంత? వినపడనిది ఎంత?

(నెల్లూరు జిల్లా తీర గ్రామాల్లో పనిచేస్తున్న మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను పిలిచినప్పుడు మీరు ఒకటే అడిగారు. "మాకు ఉపన్యాసాలు వద్దు, సెక్షన్లు చెప్పండి" అన్నారు. సెక్షన్లు చెప్తాను. అయితే సెక్షన్ల కంటే ముందు మనందరికీ చిన్నప్పటినుంచీ తెలిసిన ఒక సామెతతో మొదలుపెడతాను. "మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు." ఈ సామెత ఎంతమంది వాడుంటాం? ఆఫీసులో ఎవరో చిన్నబుచ్చుకుంటే వాడతాం, రాజకీయ నాయకుడు అలిగితే పత్రికలవాళ్ళు వాడతారు. అందరం నవ్వుతాం. ఒక్కసారి ఆగి చూడండి. ఈ సామెతలో ఒక ఆడమనిషి దెబ్బలు తింటూ ఉంది. ఆ దెబ్బ గురించి ఎవరికీ పట్టింపు లేదు. ఆమెక్కూడా పట్టింపు లేదని సామెత మనకు నమ్మకంగా చెబుతోంది. కొట్టడం ఎండా వానా లాగా ఉండేదే, బాధల్లా పక్కవాళ్ళు చూసినందుకేనట!

ఇందులో రెండు విషయాలున్నాయి. ఒకటి, దెబ్బకు పేరు లేకుండా చేయడం. రెండు, ఇద్దరు ఆడవాళ్ళను ఒకరికొకరిని శత్రువులుగా నిలబెట్టడం. ఆ తోడికోడలు కూడా రాత్రి దెబ్బలు తిన్న మనిషే అయి ఉండొచ్చు గదా! ఆ సంగతి సామెత చెప్పదు. మనం స్త్రీవాదం అంటున్నది ఏదో పట్నం నుంచి, పుస్తకాల నుంచి దిగిన సరుకు కాదు. ఆ తోడికోడళ్ళిద్దరూ ఒకచోట కూర్చుని "నీకూ ఇంతేనా?" అని అడుక్కోవడంతో అది మొదలవుతుంది. మన జిల్లాలో ఆ పని జరిగింది. కాబట్టి మన చర్చ కూడా అక్కడినుంచే మొదలుకావాలి.

రాత్రి బడిలో జరిగింది

1991లో మన జిల్లాలో అక్షర దీపం కార్యక్రమం ఊరూరా నడిచింది. పగలంతా కూలికి పోయి వచ్చిన ఆడవాళ్ళు రాత్రిపూట పలక పట్టుకుని కూర్చున్నారు. వాళ్ళకిచ్చిన వాచకంలో 'సీతమ్మ కథ' అని ఒక పాఠం ఉండేది. మొగుడి తాగుడు వల్ల ఒక ఇల్లాలి సంసారం ఏమైపోయిందో చెప్పే పాఠం. నేను కూడా వాలంటీరుగా ఆ పాఠం చెప్పినదాన్నే. నిజం చెప్పాలంటే నేను చెప్పింది తక్కువ. అక్షరం కూడబలుక్కుని చదవడం పూర్తయ్యేలోపలే ఒకామె "ఇది నా కథే" అనేది. పక్కామె "నీదొక్కదానిదేనా?" అనేది. అంతవరకు ప్రతి మనిషీ తన నొసటి రాత అనుకున్నది, ఊరందరి సంగతి అని ఆ రాత్రి బయటపడింది. 

దూబగుంట సముద్రానికి దూరం. కలిగిరి వైపు మెట్ట ఊరు. అక్కడి ఆడవాళ్ళు చదివి, మాట్లాడుకుని, లేచి వెళ్ళి సారా అంగడి మూయించారు. దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతా వినిపించింది. ఆమె 2016లో చనిపోయేదాకా మద్యం మీద మాట్లాడుతూనే ఉంది. ఆ ఊరి సంగతి తర్వాతి వాచకంలో పాఠమైంది. పాఠం నుంచి ఊరు కదిలింది, ఊరు మళ్ళీ పాఠమై వేరే ఊళ్ళను కదిలించింది. 1992లో చీపుర్లు, కారప్పొడి పట్టుకుని సారా జీపులకు అడ్డం పడ్డారు. నెల్లూరులో సారా పాటలు జరగనివ్వలేదు. పాట పెట్టడం, ఆడవాళ్ళు అడ్డుకోవడం, వాయిదా వేయడం, మళ్ళీ పెట్టడం, మళ్ళీ వాయిదా!

వాళ్ళు అడిగిన ప్రశ్న చాలా సూటిది. "మా ఊళ్ళో తాగే నీళ్ళకు దిక్కు లేదు, సారా పాకెట్టు మాత్రం గడప దగ్గరికి ఎట్లా వస్తా ఉంది?" ఎనభైల్లో ప్రభుత్వమే వారుణి వాహిని పేరుతో పాకెట్లు ఊరూరికీ చేర్చే ఏర్పాటు చేసింది. కూలి డబ్బులు చేతికి రాకముందే సారా అప్పు కింద పోయేవి. కూలి ఇచ్చే ఆసామి, సారా కాంట్రాక్టరు, ఎక్సైజు ఆదాయం లెక్కపెట్టుకునే ప్రభుత్వం, ఈ ముగ్గురి లెక్కా కలిసి ఒక ఇంటి పొయ్యి మీద పడింది. ఆ గొలుసంతటినీ అక్షరం అప్పుడే నేర్చుకుంటున్న ఆడవాళ్ళు చూశారు.

ప్రభుత్వం విన్నది

ప్రభుత్వం వినక తప్పలేదు. 1993 ఏప్రిల్ 15 నుంచి నెల్లూరు జిల్లాలో సారా నిషేధించారు. అదే ఏడాది అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతటా నిషేధించారు. 1994 ఎన్నికల్లో సంపూర్ణ మద్యనిషేధం పెద్ద వాగ్దానమైంది. 1995 జనవరి 16 నుంచి అమల్లోకి వచ్చింది. ఇది మామూలు విజయం కాదు. ఓటు అడగడానికి వచ్చినప్పుడు తప్ప ఇటువైపు చూడని ప్రభుత్వం చేత, ఆస్తీ చదువూ లేని ఆడవాళ్ళు చట్టం చేయించారు.

1997లో ఆ చట్టాన్ని సడలించి నిషేధం ఎత్తేశారు. ఖజానాకు ఆదాయం లేదన్నారు, దొంగసారా పెరిగిందన్నారు. ఎత్తేసే ముందు దూబగుంటకు వచ్చి "అమ్మా, ఏం చేద్దాం?" అని ఎవరూ అడగలేదు. ఆ తర్వాత మన రాష్ట్రంలో ఏం జరిగిందో మీరు చూస్తూనే ఉన్నారు. 2019లో దశలవారీగా నిషేధం అంటూ ప్రభుత్వమే దుకాణాలు నడిపింది. 2024 అక్టోబరులో మళ్ళీ ప్రైవేటు దుకాణాలు వచ్చాయి. ప్రభుత్వాలు మారినా, ఎవరి పేరు చెప్పి మొదలుపెట్టారో వాళ్ళను అడగకుండా నిర్ణయాలు చేయడం మాత్రం మారలేదు.

అయితే ఇంతకంటే లోతైన మాట ఒకటుంది. రాత్రి బడుల్లో ఆడవాళ్ళు చెప్పుకున్నది సారా గురించి మాత్రమే కాదు. కొట్టాడని చెప్పారు. గింజలమ్ముకున్నాడని చెప్పారు. ఒళ్ళు బాగాలేదన్నా వినలేదని, పక్కమీద జరిగేది కూడా గొంతు తగ్గించి చెప్పారు. ఇన్ని చెబితే ప్రభుత్వానికి ఒక్క మాట వినపడింది, సారా! అది వినడం సులువు. సారా అంటే ఒక సరుకు, దానికొక అంగడి, అంగడికొక లైసెన్సు. లైసెన్సు రద్దు చేస్తే పనైపోయింది. కొట్టడానికి లైసెన్సు ఎవరిచ్చారు? దాన్ని ఎవరు రద్దు చేయాలి?

ఇది ఉద్యమాన్ని తక్కువ చేయడానికి చెప్పే మాట కాదు. సారా పోయిన ఊళ్ళలో దెబ్బలు తగ్గాయని ఆడవాళ్ళే చెప్పారు. బియ్యం కొనుక్కున్నామని చెప్పారు. కానీ తాగనివాడు కూడా కొడతాడని మనకు తెలుసు. తాగినవాడు మత్తులో ఉండి కూడా ఆసామిని కొట్టడు, పోలీసును కొట్టడు, ఇంటికొచ్చి పెళ్ళాన్నే కొడతాడు. మత్తులో కూడా అంత వివరం తెలుస్తోందంటే, చెయ్యి లేవడానికి కారణం సారా ఒక్కటే కాదు. ఎవరిని కొట్టొచ్చో, ఎవరిని కొట్టకూడదో సమాజం ముందే నేర్పి పెట్టింది. పితృస్వామ్యం అని మనం పెద్ద మాట వాడుతున్నది దీనికే.

"పడుకునేది ఆ ఇంట్లోనే గదా!"

ఇప్పుడు సెక్షన్ల దగ్గరికి వద్దాం. 1983లో శిక్షాస్మృతిలో 498ఎ వచ్చింది. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో అవే మాటలు 85, 86 సెక్షన్లుగా ఉన్నాయి. భర్త, భర్త తరపువాళ్ళు పెట్టే క్రూరత్వం నేరం. చట్టం ఉంది. అయినా మన ఆడవాళ్ళు స్టేషనుకు ఎందుకు పోరు? తెలియకనా? తీరంలో ఒక పల్లెలో నేను ఈ సెక్షన్ గురించి చెబుతుంటే, చేపల గంప పక్కన పెట్టుకుని వింటున్న ఒకామె అన్నది: "చట్టం మంచిదే అక్కా. కేసు పెట్టేసి వచ్చినాక నేను పడుకునేది ఆ ఇంట్లోనే గదా!"

ఆ ఒక్క మాటకు జవాబు చెప్పడానికి చట్టానికి ఇరవై ఏళ్ళకు పైగా పట్టింది. దేశమంతటా మహిళా సంఘాలు పోరాడగా వచ్చిన గృహహింస చట్టం 2005లో పాసై, 2006 అక్టోబర్ 26 నుంచి అమలవుతోంది. అందులో 17వ సెక్షన్ మీరు కంఠతా పెట్టుకోవాలి. ఇల్లు ఎవరి పేరున ఉన్నా సరే, ఆమెకు అందులో ఉండే హక్కుంది. పట్టా మామ పేరున ఉందనో, అద్దె ఇల్లనో చెప్పి వెళ్ళగొట్టడానికి వీల్లేదు. అత్తమామల ఇల్లు కూడా ఉమ్మడి నివాసం కావచ్చునని సుప్రీంకోర్టు 2020లో స్పష్టం చేసింది. కొట్టినవాడిని ఇంట్లోంచి బయటికి పొమ్మని కూడా 19వ సెక్షన్ కింద మేజిస్ట్రేటు ఆదేశించవచ్చు. "కోపమొస్తే ఆడది పుట్టింటికి పోవాలి" అనే ఆచారాన్ని ఈ చట్టం తలకిందులు చేసింది.

పని జరిగే తీరు కూడా తెలుసుకోండి. రక్షణాధికారి దగ్గరికి పోవచ్చు, లేదా నేరుగా మేజిస్ట్రేటుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. రక్షణాధికారి జరిగిన సంఘటన మీద నివేదిక రాయాలి. మామూలుగా మూడు రోజుల లోపల మొదటి వాయిదా వేయాలి, 60 రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలి అని చట్టంలో రాసి ఉంది. రక్షణ ఉత్తర్వు ఉల్లంఘిస్తే ఏడాది దాకా జైలు. కొట్టడమే కాదు, తిట్టడం, డబ్బు చేతికివ్వకపోవడం, ఆమె నగలో సామానో అమ్మేయడం, శరీరం మీద బలవంతం, ఇవన్నీ హింసే. లాయరుకు డబ్బు లేదని వెనక్కి తగ్గక్కరలేదు. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం ఆడవాళ్ళకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం అందాలి. అర్ధరాత్రి అవసరమైతే 181 నంబరు ఉంది.

ఇదంతా కాగితం మీద బాగుంది. ఆచరణలో 60 రోజులు ఎన్ని నెలలవుతాయో ఇక్కడున్న మీకు బాగా తెలుసు. అందుకే ఆమెతోపాటు మనం ఎవరమైనా వెళ్ళాలి. వాయిదాకు వెళ్ళాలి, తిరిగి వచ్చిన రాత్రి కూడా ఆ ఇంటి పక్కన ఉండాలి. "పడుకునేది ఆ ఇంట్లోనే" అన్నదానికి చట్టం సగం జవాబే చెప్పగలదు. మిగతా సగం ఊళ్ళోని ఆడవాళ్ళు చెప్పాలి.

తిరిగి చెడిన ఆడది

మన తీరానికి సంబంధించిన ఇంకో సామెత చూడండి. "ఆడది తిరిగి చెడింది, మగవాడు తిరక్క చెడ్డాడు." పడవ ఒడ్డుకు రాగానే చేపలు తీసుకుని, గంప నెత్తిన పెట్టుకుని, ఊరూరూ తిరిగి అమ్మేది ఎవరు? ఆడవాళ్ళే. తిరక్కపోతే ఆ రోజు ఇంట్లో అన్నం లేదు. తిరగడమే బతుకు అయినవాళ్ళను, తిరిగినందుకు చెడిపోయిందనే సామెత వెంటాడుతోంది. వీధిలో బేరమాడే మగవాడు చేప ధరతోపాటు ఇంకో మాట కూడా అడుగుతాడు. బస్సులో గంప వాసనొస్తుందని దింపేస్తారు. గట్టిగా మాట్లాడితే గయ్యాళి, మెత్తగా మాట్లాడితే ఇంకేదో! ఇవి చిన్న విషయాలని, వీటికి కూడా చట్టాలా అని అంటారు. రోజుకు పదిసార్లు జరిగేది చిన్న విషయం ఎట్లా అవుతుంది?

పని దగ్గర లైంగిక వేధింపుల మీద 1997లో విశాఖ తీర్పు వచ్చింది. రాజస్థాన్‌లో మీలాగే గ్రామాల్లో పనిచేసిన ఒక కార్యకర్త మీద జరిగిన అత్యాచారం ఆ కేసుకు మూలం. బాల్యవివాహం ఆపడానికి ప్రయత్నించినందుకు ఆమె మీద కక్ష కట్టారు. 2013లో అది చట్టమైంది. రొయ్యల షెడ్డుల్లో తలలు తీసే ఆడవాళ్ళకు, చెరువుల మీద పనిచేసేవాళ్ళకు కూడా ఈ చట్టం వర్తిస్తుంది. పదిమంది, అంతకు మించి పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలి. లేనిచోట, యజమాని మీదనే ఫిర్యాదైతే, జిల్లా స్థాయి కమిటీకి ఇవ్వొచ్చు. మూడు నెలల లోపల ఇవ్వాలి. ఈ కమిటీ మన జిల్లాలో ఎవరెవరితో ఉందో మీలో ఎంతమందికి తెలుసు? చేతులెత్తండి... చూశారా, అదీ సంగతి. మనకే తెలియకపోతే రొయ్యల షెడ్డులో అమ్మాయికి ఎట్లా తెలుస్తుంది?

ఇక వేట నిషేధం సంగతి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు మర పడవలు సముద్రంలోకి పోకూడదు. చేప గుడ్లు పెట్టే కాలం, మంచి నిబంధనే. ఆ రోజులకు ప్రభుత్వం ఇచ్చే భృతి 2019లో 10,000 రూపాయలైంది, 2025లో 20,000 అయింది. అది ఎవరికి? పడవ మీద వేటకు పోయేవాళ్ళకు. పడవ పోకపోతే చేప లేదు, చేప లేకపోతే గంప కూడా ఖాళీయే గదా? అతని పని ఆగితే నష్టం, ఆమె పని ఆగితే అది లెక్కలో లేదు. సర్కారు కాగితాల్లో 'మత్స్యకారుడు' అని ఉంటుంది. ఆమె 'మత్స్యకారుని భార్య'. ఎండబెట్టేది, ఉప్పు పట్టేది, అమ్మేది, అప్పు తెచ్చేది, తీర్చేది ఆమె. అయినా ఆమె వృత్తి పేరు 'భార్య'! ఇది వ్యాకరణం గొడవ కాదు, 61 రోజుల అన్నం గొడవ.

మన ఆచారం, మన ఇల్లు

చట్టం ఒకవైపు ఉంటే తీరం పల్లెల్లో కుల పెద్దల మాట ఇంకోవైపు ఉంది. 'దురాయి' వేస్తే ఎవరూ దాటరు. చాలాచోట్ల ఆడవాళ్ళు ఆ పంచాయతీలో కూర్చోరు. తన గురించే తీర్పు చెబుతున్నా దూరంగా నిలబడి వినాలి. కొన్ని ఊళ్ళలో బెల్టుషాపు పెట్టుకునే హక్కును పెద్దలే పాట పెట్టి, ఆ డబ్బు ఊరి ఉమ్మడి ఖర్చుకు వాడుతున్నారు. 1992లో ఆడవాళ్ళు సర్కారు పాట ఆపారు. ఇప్పుడు పాట పెట్టేది సొంత బాబాయిలు, మేనమామలు. కలెక్టరాఫీసు ముందు అరవడం కంటే ఇది కష్టం. ఇది నాకు తెలుసు.

అయితే ఆచారమంతా చెడ్డదని నేను అనను. మొత్తం ఊరు ఒక మాట మీద నిలబడే శక్తి పట్నాల్లో ఎక్కడుంది? సారా ఉద్యమంలో కొన్ని ఊళ్ళలో ఆ కట్టుబాటునే ఆడవాళ్ళు తమవైపు తిప్పుకున్నారు. తాగి వచ్చినవాడికి జరిమానా వేయించారు. కట్టుబాటు ఉండాలా వద్దా అన్నది కాదు ప్రశ్న. దాన్ని నిర్ణయించేచోట ఆడవాళ్ళు కూర్చుంటారా, లేదా? 

ఆస్తి గురించి ఒక్క మాట చెప్పి ముందుకు పోతాను. ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన వాటా అని దేశం కంటే ముందు చట్టం చేసింది మన రాష్ట్రమే. 1986లో చేసి 1985 సెప్టెంబర్ 5 నుంచి వర్తింపజేశారు. అప్పటికే పెళ్ళయినవాళ్ళకు లేదన్నారు. 2005లో కేంద్ర చట్టం ఆ తేడా తీసేసింది. తండ్రి 2005 నాటికి బతికి లేకపోయినా కూతురికి హక్కుందని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇంత జరిగినా "కట్నం ఇచ్చాం గదా, ఇంకేం వాటా?" అంటారు. కట్నం ఇవ్వడం 1961 నుంచి నేరం. నేరాన్ని చూపించి హక్కును కొట్టేస్తున్నారన్నమాట! అన్నదమ్ములకు సంతకం పెట్టి ఇచ్చేసిన వాళ్ళలో నేనూ ఒకదాన్ని. పుట్టింటి గడప పోతుందని భయపడ్డాను. సెక్షన్ తెలియక కాదు.

అందుకే చివరిగా మన సంస్థల గురించి కూడా మాట్లాడాలి. మన ఆఫీసుల్లో మీటింగు అయితే టీ తెచ్చేది ఎవరు? మినిట్సు రాసేది ఎవరు, సంతకం పెట్టేది ఎవరు? ఫీల్డులో ఎండలో తిరిగే కార్యకర్త ఆడమనిషి, రిపోర్టు ఇంగ్లీషులో రాసి జీతం ఎక్కువ తీసుకునేది మగమనిషి. చీకటిపడి తిరిగొచ్చే కార్యకర్తకు బండి ఇవ్వరు, ఆలస్యమైందని మాత్రం అడుగుతారు. పదిమంది దాటిన మన సంస్థల్లో ఎన్నింటిలో వేధింపుల కమిటీ ఉంది? ఊళ్ళోకి వెళ్ళి చెప్పే ముందు ఇక్కడ సరిచేసుకోవాలి. లేకపోతే ఊళ్ళో ఆడవాళ్ళు అడుగుతారు, వాళ్ళకు అడగడం వచ్చు.

నేను మిమ్మల్ని కోరేవి మూడే. ఒకటి, వేట నిషేధ భృతిలో చేపలమ్మే ఆడవాళ్ళను సొంత పేరుతో చేర్చాలని ప్రతి పల్లె నుంచీ అర్జీ పెట్టించండి. అర్జీ వాళ్ళచేతే రాయించండి. రెండు, జిల్లా కమిటీలో ఎవరున్నారో, రక్షణాధికారి ఎక్కడ కూర్చుంటారో కనుక్కుని, ప్రతి షెడ్డు దగ్గరా, ప్రతి అంగన్‌వాడీ గోడ మీదా పెద్దక్షరాలతో రాయండి. మూడు, వారానికి ఒక రాత్రి ఆడవాళ్ళు కూర్చుని మాట్లాడుకునే చోటు ఒకటి మళ్ళీ నిలబెట్టండి. మాటల కోసమే ఆ చోటు. పొదుపు లెక్కలు, వాయిదా కంతులు ఆ రాత్రి వద్దు. ఇవాళ మన సంఘాల్లో అప్పు గురించి తప్ప వేరే మాటకు టైము ఉండటం లేదు.

1991లో రాత్రి బడికి వచ్చినవాళ్ళు చట్టం చేయించాలని రాలేదు. తమ పేరు రాయడం నేర్చుకోవాలని వచ్చారు. మిగతాదంతా పక్కామె "నీకూ ఇంతేనా?" అని అడగడంతో వచ్చింది. ఆ ప్రశ్నకు ఏ సెక్షన్ నంబరూ లేదు. ఇవాళ మీటింగు అయిపోయి బస్సెక్కేలోపల మీ పక్కన కూర్చున్నామెను అడగండి. నా ఉపన్యాసం కంటే అది ఎక్కువ పనిచేస్తుంది.

సెలవు.